కుందేలు, గినీ పిగ్, హ్యామ్‌స్టర్‌లకు ఎండు ఆకులు: ఏవి పెట్టాలి, ఎంత పెట్టాలి, ఎలా ఎండబెట్టాలి

మీ ఇంట్లో రెండు కుందేళ్లు, ఒక గినీ పిగ్, ఒక హ్యామ్‌స్టర్ ఉన్నాయని, హైదరాబాద్‌లో తిమోతి గడ్డి (కుందేళ్ల మేతగా అమ్మే విదేశీ ఎండు గడ్డి) కొనడం భారంగా మారిందని, అందువల్ల మిద్దె మీద కుండీల్లో ఉన్న పుదీనా, కొత్తిమీర, తులసి, మునగాకు అక్కడే ఎండబెట్టి గడ్డికి బదులుగా పెట్టవచ్చా అని అడిగారు. మునగాకు బలమైన ఆకు కనుక దాన్నే ఎక్కువగా పెట్టాలనుకుంటున్నామని కూడా రాశారు. ఆన్‌లైన్‌లో అమ్మే ఎండు మూలికల ప్యాకెట్లు మంచివేనా అన్నది మీ చివరి ప్రశ్న. నేను పశువైద్యుణ్ణి కాను. చాలా ఏళ్లుగా ఈ జంతువులను పెంచుతూ, వాటికి కావలసిన ఎండు ఆకులను ఇంట్లోనే తయారు చేసుకుంటున్నాను కనుక ఆ అనుభవంతో సమాధానం రాస్తున్నాను. ఎండు ఆకులు పెట్టవచ్చు, అవి ఇష్టంగా తింటాయి కూడా. అయితే గడ్డికి బదులుగా అవి పనికిరావు. మీరు ఎక్కువగా పెట్టాలనుకుంటున్న మునగాకే మీ జాబితాలో అన్నిటికంటే తక్కువగా పెట్టవలసిన ఆకు.

ముందు గడ్డి సంగతి. కుందేలుకూ గినీ పిగ్‌కూ అన్ని పళ్లూ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. కుందేలు ముందరి పళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. పీచు గడ్డిని పక్కలకు దవడ ఆడిస్తూ గంటల తరబడి నమిలినప్పుడే వెనుక ఉన్న దవడ పళ్లు సమంగా అరుగుతాయి. ఎండిన పుదీనా ఆకు నోట్లో పడగానే పొడి అయిపోతుంది, దానికి నమలవలసిన పనే ఉండదు. పేగుల విషయంలోనూ ఇంతే. ఈ జంతువులు తిన్న పీచులో కొంత భాగం పేగుల్లో సంచిలా ఉండే అంధనాళంలో సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. అరగని పొడవైన పీచు పేగులను కదిలిస్తూ పెంటికలుగా బయటికి పోతుంది. ఆ పొడవైన పీచు తగ్గితే పేగుల కదలిక మందగిస్తుంది, కుందేళ్ల ప్రాణాల మీదికి వచ్చే జబ్బుల్లో చాలా అక్కడే మొదలవుతాయి. అందువల్ల మేతలో 80 శాతం దాకా గడ్డే ఉండాలి, ఎండు ఆకు దాని మీద చల్లే రుచి మాత్రమే.

తిమోతి గడ్డి మన నేలలో పండేది కాదు కనుక దాని ధర తగ్గుతుందని ఆశించలేము, కానీ కుందేలుకు అదే కావాలన్న నియమం కూడా లేదు. మందులు చల్లని చోట పెరిగిన గరికను కోసి ఎండబెడితే చక్కటి మేత అవుతుంది. పూత దాటి ముదిరిన జొన్న చొప్పను కూడా ముక్కలు చేసి కలపవచ్చు. లేత జొన్న, కోసిన మోళ్ల నుంచి వచ్చిన పిలకలు మాత్రం వద్దు. పశువులకు నాము పట్టించేది వాటిలో పుట్టే సయనైడే. వరిగడ్డిలో పోషకాలు బాగా తక్కువ కనుక దాన్ని కొంత కలపడం తప్ప పూర్తిగా దాని మీద ఆధారపడలేము.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎండబెట్టడం వల్ల ఆకులోంచి పోయేది ప్రధానంగా నీరు. కొత్తిమీర, పుదీనా వంటి ఆకుల్లో నూటికి 85 పాళ్లు, అంతకు కాస్త అటూ ఇటూగా నీరే ఉంటుంది. అంటే పెద్ద కట్ట ఎండితే గుప్పెడు మిగులుతుంది. కట్టను పచ్చిగా పెడితే కుందేలు కడుపు నిండి ఆగిపోతుంది, గుప్పెడు ఎండుటాకును రెండు నిమిషాల్లో ముగించి ఇంకా కావాలని మన చుట్టూ తిరుగుతుంది. ఎండు ఆకులతో వచ్చే ఇబ్బందుల్లో సగం ఈ ఒక్క కారణం వల్లనే వస్తాయి. నీటితో పాటు విటమిన్ సి చాలావరకు పోతుంది. సువాసన ఇచ్చే నూనెలు కొంత ఎగిరిపోతాయి, ఎండలో ఆరబెడితే ఆకుపచ్చ రంగూ దానితో పాటు విటమిన్ ఎ కు మూలమైన కెరోటిన్ కూడా తగ్గుతాయి. కాల్షియం, ఆక్సలేట్లు (కొన్ని ఆకుకూరల్లో ఉండే, ఎక్కువైతే మూత్రపిండాలకు చేటు చేసే లవణాలు), నైట్రేట్లు మాత్రం పోవు. విషపు మొక్కల్లోని విషం కూడా చాలావరకు అలాగే ఉంటుంది. జొన్నలోని సయనైడ్ ఎండినప్పుడు కొంత ఎగిరిపోయే మాట నిజమే కానీ, దాన్ని చూసి ఎండబెడితే ఏ విషమైనా పోతుందని అనుకోకూడదు. గన్నేరు ఆకు ఎండినా గన్నేరే.

మునగాకు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో దానికి ఉన్న మంచి పేరే ఇక్కడ చిక్కు తెస్తోంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైగా, కరివేపాకులో 600 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. నీరు పోయిన తరువాత లెక్కిస్తే ఈ రెండు ఆకుల్లోనూ కాల్షియం 1 శాతం దాటుతుంది. తిమోతి వంటి గడ్డిలో అది అర శాతం లోపే ఉంటుంది. పెద్ద కుందేళ్లకు కాల్షియం ఎక్కువని మనం దూరంగా పెట్టే లూసర్న్ గడ్డి ఎంతో, మునగాకూ అంతే, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ.

మనుషులకు బలమైనది కుందేలుకు ఎందుకు బరువవుతుందంటే, దాని శరీరం కాల్షియాన్ని నడిపే తీరు వేరు. మనలో పేగులు అవసరమైనంత కాల్షియాన్నే ఎక్కువగా తీసుకుంటాయి, మిగిలింది మలంతో పోతుంది. కుందేలు తిన్నదానిలోంచి ఎక్కువ భాగం రక్తంలోకి చేరుతుంది, అక్కర్లేనిది మూత్రపిండాల గుండా మూత్రంలోకి దిగుతుంది. అందుకే కుందేలు మూత్రం సహజంగానే కాస్త తెల్లగా, మసకగా ఉంటుంది. గచ్చు మీద ఆరితే సున్నపు మరకలా మిగులుతుంది. అది రోగం కాదు. కొన్ని ఆకులు తిన్నప్పుడు మూత్రం నారింజ రంగులోకి, ఇటుక రంగులోకి మారడం కూడా ఆకుల్లోని రంగు వల్ల జరిగేదే. అయితే మూత్రం పలచని పెరుగులా, పళ్లపొడి ముద్దలా చిక్కగా వస్తున్నా, జంతువు ముక్కుతూ పోస్తున్నా, వెనుక కాళ్ల మధ్య బొచ్చు ఎప్పుడూ తడిగా ఉంటున్నా మూత్రాశయంలో సున్నం పేరుకుంటోందని అనుమానించి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. గినీ పిగ్‌లలో రాళ్లు ఇంకా తరచుగా కనిపిస్తాయి, వాటిలో ఎక్కువ భాగం కాల్షియం కార్బనేట్ రాళ్లే. పైగా ఎండు మేతలో నీరు ఉండదు. పచ్చి ఆకు తిన్నప్పుడు దానితో కలిగే నీటి లాభం ఇక్కడ లేదు కనుక, మే నెల ఎండల్లో ఎండు ఆకు పెంచి పచ్చి ఆకు తగ్గించడం రెండు విధాలా తప్పు. మునగాకును వారానికి ఒకటి రెండుసార్లు, చిటికెడు చొప్పున గడ్డి మీద చల్లితే చాలు. మూడు నెలలు దాటి ఇంకా ఎదిగే పిల్లలకు, పాలిచ్చే తల్లులకు కాల్షియం అవసరం ఎక్కువ కనుక వాటికి కొంచెం ఎక్కువ పెట్టవచ్చు. కరివేపాకుకూ ఇదే లెక్క.

పాలకూర, తోటకూర, చుక్కకూర, గంగవాయిలి కూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ. పచ్చిగా ఎప్పుడైనా రెండు ఆకులు పెట్టడానికి అభ్యంతరం లేదు, ఎండబెట్టి నిల్వ చేయడానికి మాత్రం వాటిని ఎంచుకోవద్దు. గోంగూర పులుపు వల్ల చాలా జంతువులు దాన్ని ముట్టవు కూడా.

నమ్మకంగా ఎండబెట్టుకోదగినవి కొత్తిమీర, పుదీనా, తులసి, నిమ్మగడ్డి, మందార ఆకులు, మందార పూలు, మల్బరీ ఆకులు. వీటిలో నా ఓటు మల్బరీకే. ఆకు పెద్దది, త్వరగా ఎండుతుంది, మాంసకృత్తులు బాగా ఉంటాయి, వాసన చూడగానే కుందేళ్లు పరుగెత్తుకొస్తాయి. దీనిలోనూ కాల్షియం తక్కువేమీ కాదు కనుక రోజుకు రెండు మూడు ఆకులు దాటవద్దు. హిందూపురం, మదనపల్లె, పలమనేరు వైపు పట్టు రైతులు తెలిసినవారుంటే అడిగి తెచ్చుకోవచ్చు, అయితే ఆ తోటకు ఈ మధ్య మందు కొట్టారా లేదా అన్నది తప్పకుండా కనుక్కోండి. మెంతికూర ఎండు ఆకు, అంటే కసూరీ మేథీ, కొద్దిగా పెట్టవచ్చు. దుకాణంలో కొన్నదైతే ఉప్పు కలిపారేమో ప్యాకెట్ మీద చూడండి. జామాకులో వగరు ఎక్కువ కనుక ఒకటి రెండు ఆకులతో ఆపాలి. తులసిని కూడా వాసన ఘాటు వల్ల ఇతర ఆకులతో కలిపి కొద్దిగానే పెడతాను.

వేపాకు గురించి మీరు అడగలేదు, కానీ మన ఇళ్లలో ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు. గినీ పిగ్‌లలోనూ మేకల్లోనూ వేపాకు వల్ల విషప్రభావాలు కనిపించినట్లు పరిశోధనల్లో నమోదైంది కనుక నేను పెట్టను, పెట్టమని చెప్పను. సుబాబుల్ ఆకును మేకలు తింటాయని కుందేళ్లకు వేసేవారున్నారు. దానిలోని మైమోసిన్ అనే విషపదార్థం వల్ల బొచ్చు ఊడిపోతుంది, ఎదుగుదల తగ్గుతుంది. ఉల్లికాడలు, వెల్లుల్లి ఆకులు, గన్నేరు, బిళ్ల గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం, లాంటానా ఏ రూపంలోనూ పెట్టకూడదు. గుడి దండల్లోని, బజారులోని గులాబీ రేకులను ఎండబెట్టడం కూడా మానుకోండి, పూల తోటలకు కొట్టే మందులు తిండి కోసం కొట్టేవి కావు. బయట గరిక కోసేటప్పుడు చూడవలసినది ముఖ్యంగా వయ్యారిభామ. ఖాళీ స్థలాల్లో, రోడ్ల పక్కన అది గరికతో కలిసే పెరుగుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు తెల్లటి చిన్న పూలను బట్టి ఏరేయవచ్చు, ఎండి ముక్కలయ్యాక గుర్తుపట్టడం కష్టం. కోసిన రోజే మోపు విప్పి, పిడికెడు పిడికెడుగా ఏరుకోండి.

గినీ పిగ్ విషయంలో ఒక్క మాట తప్పకుండా గుర్తుంచుకోవాలి. మనుషుల్లాగే దాని శరీరం కూడా విటమిన్ సి ని తయారు చేసుకోలేదు. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు బయటి నుంచే అందాలి, అది ఎండు ఆకుల్లో దొరకదు. కొత్తిమీర ఎండబెట్టి పెడుతున్నాం కదా అని పచ్చి మేత ఆపేస్తే కొన్ని వారాల్లోనే కీళ్లు నొప్పి పుట్టి నడవడానికి మొరాయిస్తుంది, బొచ్చు గరుకుగా మారుతుంది, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది. రోజూ ఒక క్యాప్సికం ముక్క, కొంచెం పచ్చి కొత్తిమీర పెడితే ఈ చిక్కు రాదు. చక్కెర ఉన్నా సరే, అప్పుడప్పుడు గింజలు తీసిన చిన్న జామ ముక్క కూడా మంచిదే.

హ్యామ్‌స్టర్ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. అది గడ్డి మీద బతికే జంతువు కాదు, గింజలు ప్రధానంగా తింటూ అప్పుడప్పుడు పురుగులను, ఆకులను తినేది. దాని ముందరి పళ్లు మాత్రమే జీవితాంతం పెరుగుతాయి. నిజానికి ఎండు ఆకు అందరికంటే ఎక్కువగా నప్పేది దానికే. పచ్చి ఆకు ఇస్తే బుగ్గ సంచుల్లో దాచుకుని తీసుకెళ్లి గూట్లో పెడుతుంది, రెండు రోజుల్లో అక్కడ కుళ్లి బూజు పడుతుంది. ఎండిన మందార పూరేకు, పుదీనా రెండు మూడు ఆకులు దాచుకున్నా పాడవవు, గూడు కట్టుకోవడానికీ పనికొస్తాయి. పెంపుడు ఎలుకలున్నవారు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి: వాటి ఊపిరితిత్తులు సులువుగా దెబ్బతింటాయి కనుక ఆకు పొడి, ధూళి, ఘాటైన వాసనలు పనికిరావు. ఏ జంతువుకైనా ఆకును పొడి చేసి పెట్టవద్దు. పొడి ముక్కులోకి పోతుంది, పళ్లకు పని చెప్పదు, ఎంత తిన్నదో మనకు తెలియదు.

ఎండబెట్టే పద్ధతిలో తొందర పనికిరాదు. ఆకును బాగా కడిగి, పొడి గుడ్డ మీద నీరు పూర్తిగా ఆరనిచ్చి, గాలి ఆడే నీడలో ఒక్క వరుసగా పరచాలి. నులక మంచం మీద పలచటి నూలు బట్ట పరచి దాని మీద ఆకు వేస్తే కింది నుంచి కూడా గాలి తగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు రెండు మూడు రోజుల్లో ఎండిపోతుంది; వానాకాలంలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో, ఫ్యాను కింద పెట్టినా ఆకు మెత్తగానే ఉంటుంది కనుక ఆ నెలల్లో ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. ఆకు నలిపితే పొడి అవుతోంది కదా అని డబ్బాలో పెట్టేయకండి, కాడ చూడండి. పుదీనా కాడలో కణుపుల దగ్గర తడి చివరిదాకా నిలుస్తుంది. ఆకు గలగలలాడుతున్నా కణుపు వంచితే విరగకుండా తోలులా వంగుతుంది. బూజు అక్కడి నుంచే మొదలవుతుంది. కాడ టప్పున విరిగే దాకా ఉంచాలి, లేదా ఆకులు దూసుకుని కాడలు పారేయాలి. కొత్తిమీర వేర్ల దగ్గరి మట్టి ముద్దను ముందే కోసేయండి. ఎండిన ఆకును మొదట గాజు సీసాలో వేసి మూత పెట్టి ఒక రోజు ఉంచండి. లోపలి గోడ మీద ఆవిరి పట్టినట్లు మసక కనిపిస్తే ఆకు ఇంకా ఎండలేదని అర్థం, తీసి మళ్లీ పరచాలి.

బూజు గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. బూజు పుట్టించే అఫ్లాటాక్సిన్ విషాన్ని తట్టుకోలేని జంతువుల్లో కుందేలు ముందు వరుసలో ఉంటుంది, చాలా కొద్ది మోతాదుకే కాలేయం చెడుతుంది. బూజు పట్టిన భాగం తీసేసి మిగిలింది వాడుకోవడం, ఎండలో పెట్టి దులిపి వాడుకోవడం రెండూ చేయవద్దు. కంటికి కనబడకపోయినా ముక్కవాసన వస్తే మొత్తం పారేయాలి. వేరుశనగ తీగలు ఎండినవి చౌకగా దొరుకుతాయని కుందేళ్లకు వేసేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఎండాకాలంలో చేసిన ఆకును వచ్చే ఎండాకాలం దాకా వాడవచ్చని అంటారు, నేను ఆరు నెలలు దాటనివ్వను, ఆ తరువాత వాసనా రుచీ పోయి గడ్డిపొడిలా మిగులుతుంది.

మోతాదు విషయంలో నేను పాటించే లెక్క ఇది. రెండు కిలోల కుందేలుకు రోజుకు ఒక పెద్ద చెంచా నలపని ఆకు, గినీ పిగ్‌కు అందులో సగం, హ్యామ్‌స్టర్‌కు చిటికెడు. ఒక్కొక్క ఆకును విడివిడిగా మొదలుపెట్టి, నాలుగైదు రోజులు పెంటికలు గట్టిగా, గుండ్రంగా, మామూలు సైజులో వస్తున్నాయో లేదో చూసిన తరువాతే ఇంకొకటి కలపండి. మూడు నెలల లోపు కుందేలు పిల్లలకు గడ్డి, తల్లి తింటున్న మేత చాలు, ఈ ఆకులకు తొందర లేదు. ఆకును గిన్నెలో విడిగా పెట్టకుండా గడ్డి మధ్యలో దూర్చి పెడితే, ఆకు కోసం వెతుకుతూ గడ్డి కూడా తింటాయి. గడ్డిని ముట్టని జంతువులకు గడ్డి అలవాటు చేయడానికి ఎండు ఆకును మించిన ఉపాయం నాకు తెలియదు.

మందుగా వాడాలనుకునేవారికి ఒక హెచ్చరిక. పుదీనా కడుపుబ్బరానికి మంచిదని మనకు తెలుసు, కానీ కుందేలు 12 గంటలు ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా, మూల కూర్చుని పళ్లు నూరుతుంటే పుదీనాతో కాలయాపన చేయకూడదు, అది అత్యవసర పరిస్థితి. కుందేళ్లను చూసిన అనుభవం ఉన్న వైద్యుడి కోసం జంతువు ఆరోగ్యంగా ఉన్నప్పుడే వెతికిపెట్టుకోండి. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ వంటి మాత్రలను నోటి ద్వారా వేస్తే కుందేళ్లలో, గినీ పిగ్‌లలో పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం పోవచ్చు, కుక్కకు ఇచ్చిన మందు మిగిలింది కదా అని వేయడం నేను విన్న విషయమే.

ఇక ప్యాకెట్లు. విదేశాల్లో డాండెలియన్, చామంతి జాతి కెమొమైల్, రాస్ప్‌బెర్రీ ఆకు, ప్లాంటైన్ (అరటి కాదు, ఆ పేరుతోనే పిలిచే ఒక చిన్న కలుపు మొక్క) ఆకు వాడతారు, అవి మంచివే, కానీ మన కొత్తిమీరకు లేని గొప్పతనం వాటికి లేదు, ధర మాత్రం ఉంది. కొనాలనుకుంటే ఆకులు గుర్తుపట్టగలిగేంత నిండుగా ఉన్నవి, మొక్కల పేర్లు ఒక్కొక్కటి రాసినవి, తయారు చేసిన నెల ముద్రించినవి తీసుకోండి. ‘మిక్స్డ్ హెర్బ్స్’ అని మాత్రమే రాసిన ప్యాకెట్‌ను, అడుగున ధూళి చేరిన ప్యాకెట్‌ను వదిలేయండి. ఎండు ద్రాక్ష, అరటి చిప్స్, మొక్కజొన్న గింజలు, రంగు బిస్కట్లు కలిపినవైతే ఆకుల పేరుతో అమ్మే మిఠాయి అనుకోవాలి. కుందేలు పేగులకు ఆ పిండి, చక్కెర పడవు, చక్కెర జబ్బు త్వరగా వచ్చే పొట్టి హ్యామ్‌స్టర్లకు అంతకంటే పడవు. మీ మిద్దె మీద ఈ నాలుగు కుండీలూ ఉన్నాయి కనుక మీకు ఆ ఖర్చు అవసరం లేదు. ఆ డబ్బును గడ్డికే పెట్టండి, మునగ కొమ్మను మీ వంటింటికి వదిలేయండి.